అర్థశాస్త్రం చదివితే ఏమవుతారు?

"పెద్దయ్యాక ఏమవుతావు?" అని చుట్టాలు అడగని పిల్లలుండరు. డాక్టరునవుతాననో ఇంజనీరునవుతాననో అంటే అడిగినవారు సంతోషిస్తారు. అదే ఎవరైనా "ఎకనామిక్స్ చదువుతాను" అన్నారనుకోండి. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "అది చదివి ఏం చేస్తావు?" ఆ రెండో ప్రశ్నకు జవాబు ఈ వ్యాసంలో చూద్దాం.

సైన్సు పత్రికలో అర్థశాస్త్రం గొడవ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. కొలవడం, పోల్చడం, ఊహించినదాన్ని పరీక్షకు పెట్టడం - ఈ మూడూ ఎక్కడ ఉంటే అక్కడ సైన్సు పద్ధతి ఉన్నట్లే. భౌతిక శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతను, పీడనాన్ని కొలుస్తారు. అర్థశాస్త్రజ్ఞులు ధరలను, దిగుబడులను, కూలి రేట్లను, నిరుద్యోగాన్ని కొలుస్తారు. వారు కొలిచేది మనుషుల బతుకుతెరువును. అందువల్ల కొలతలో తప్పు దొర్లితే ఎక్కడో ఒక ఇంట్లో ఆ మేరకు నష్టం జరుగుతుంది.

ముందు ఆ పని ఎలా ఉంటుందో నాలుగు ఉదాహరణలు చూద్దాం. ఉద్యోగాల సంగతి తర్వాత. పని తెలిస్తేనే కదా, ఆ ఉద్యోగం మనకు నచ్చుతుందో లేదో తెలిసేది!

ధరలు పెరిగాయి, సరే - ఎంత పెరిగాయి?

ధరలు మండిపోతున్నాయని అందరూ అంటారు. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉన్నదని ఎవరైనా చెప్పగలరు. ఎన్ని డిగ్రీలో చెప్పాలంటే థర్మామీటరు కావాలి. ధరలకూ అలాంటి థర్మామీటరు ఉంది. దాని పేరు ధరల సూచీ.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక ఇంట్లో నెలకు 25 కిలోల బియ్యం, 3 లీటర్ల నూనె, 2 కిలోల కందిపప్పు వాడతారు అనుకోండి. పోయిన ఏడు బియ్యం కిలో 50 రూపాయలు, నూనె లీటరు 150, పప్పు కిలో 150. అప్పుడు ఇంటి ఖర్చు 1250 + 450 + 300, అంటే 2000 రూపాయలు. ఈ ఏడు బియ్యం 52, నూనె 140, పప్పు 190 అయ్యాయి. ఇప్పటి ఖర్చు 1300 + 420 + 380, అంటే 2100 రూపాయలు. కాబట్టి ధరలు 5 శాతం పెరిగాయి. నిరుటి ధరను 100 అనుకుంటే ఈ ఏటి సూచీ 105.

ఇదే లెక్కను మీ స్నేహితుడు ఇంకో విధంగా చేశాడు. బియ్యం ధర 4 శాతం పెరిగింది, నూనె సుమారు 6.7 శాతం తగ్గింది, పప్పు సుమారు 26.7 శాతం పెరిగింది. ఈ మూడింటి సగటు 8 శాతం. అతని కూడికలో తప్పేమీ లేదు. మరి 5 సరియైనదా, 8 సరియైనదా?

ఆ ఇంటివారి జేబు నుంచి అదనంగా పోయింది 2000 మీద 100 రూపాయలే. అంటే 5 శాతమే సరి. స్నేహితుడు బియ్యానికీ పప్పుకీ ఒకే విలువ ఇచ్చాడు. కాని ఇంట్లో బియ్యం ఖర్చు ఎక్కువ, పప్పు ఖర్చు తక్కువ. ఏ వస్తువుకు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో నిర్ణయించే ఆ సంఖ్యను భారం అంటారు. భారాలు తప్పయితే సూచీ తప్పవుతుంది.

ఈ పనినే జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటికీ చేస్తుంది. ప్రతి నెలా పల్లెల్లోను పట్నాల్లోను ఎంపిక చేసిన దుకాణాలకు వెళ్ళి ధరలు రాసుకుని వస్తారు. అన్నీ కలిపి వినియోగదారుల ధరల సూచీ ప్రకటిస్తారు. కేంద్ర కార్మిక శాఖకు చెందిన లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల కోసం మరో సూచీ తయారుచేస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కరువు భత్యాన్ని దాని ఆధారంగానే లెక్కిస్తారు. భత్యంలో 1 శాతం తేడా వస్తే, 20,000 రూపాయల మూలవేతనం ఉన్న ఉద్యోగికి నెలకు 200 రూపాయల తేడా.

రిజర్వు బ్యాంకు చూపు కూడా ఈ సూచీ మీదే ఉంటుంది. 2016 నుంచి అమలులో ఉన్న విధానం ప్రకారం ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతానికి మించకుండా ఉంచడం ఆ బ్యాంకు లక్ష్యం. వడ్డీ రేటు పెంచాలా తగ్గించాలా అన్నది ఆరుగురు సభ్యుల సంఘం నిర్ణయిస్తుంది. వారు వడ్డీ రేటు మారిస్తే మీ నాన్నగారు ఇల్లు కట్టడానికి తీసుకున్న అప్పు మీద కట్టే కిస్తీ కూడా మారవచ్చు.

పొలంలో 25 చదరపు మీటర్లు

ఈ ఏడు మన జిల్లాలో వరి ఎంత పండింది? ప్రతి రైతు గాదె దగ్గరకూ వెళ్ళి తూచడం సాధ్యం కాదు. అందుకని పంటకోత ప్రయోగం చేస్తారు. మీలో పల్లెటూళ్ళవారు దీన్ని చూసే ఉంటారు.

ముందుగా కొన్ని పొలాలను ఎంపిక చేస్తారు. ఎంపికైన వరి పొలంలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న ముక్కకు తాడు కట్టి, అందులోని పైరు కోసి, నూర్చి, గింజను తూస్తారు. ఆ ముక్క వైశాల్యం 25 చదరపు మీటర్లు. హెక్టారుకు 10,000 చదరపు మీటర్లు. కాబట్టి ఆ తూకాన్ని 400తో హెచ్చవేస్తే హెక్టారు దిగుబడి వస్తుంది. 12 కిలోలు వస్తే హెక్టారుకు 4800 కిలోలన్నమాట.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఆ ముక్కను పొలంలో ఎక్కడ తీసుకోవాలో అధికారీ చెప్పకూడదు, రైతూ చెప్పకూడదు. రైతును అడిగితే పలచగా ఉన్నచోటు చూపవచ్చు. అధికారి గట్టు పక్కన, నడవడానికి వీలుగా ఉన్నచోటు ఎంచుకోవచ్చు. అందుకే యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి, పొలం మూల నుంచి ఎన్ని అడుగులు అటు, ఎన్ని అడుగులు ఇటు నడవాలో తేలుస్తారు. ఇక రెండో సంగతి. తూకంలో ఒక్క కిలో తప్పితే హెక్టారు దగ్గర అది 400 కిలోల తప్పవుతుంది. దిగుబడి ఆధారంగా నడిచే పంటల బీమా పథకాలలో నష్టపరిహారం వస్తుందా రాదా అన్నది ఈ సంఖ్య మీదనే ఆధారపడుతుంది. ఆ 25 చదరపు మీటర్ల కోత వెనుక ఆ ప్రాంతపు రైతులందరి బాగోగులు ఉన్నాయి.

కొద్ది భాగాన్ని చూసి మొత్తాన్ని అంచనా కట్టే ఈ నమూనా పద్ధతిని మన దేశంలో పెంచి పోషించినవారిలో ముఖ్యులు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన చదివింది భౌతిక శాస్త్రం. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించారు. 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వే ఆయన కృషి ఫలితమే. ఆ సంస్థలోనే పనిచేసి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన తెలుగువారు సి.ఆర్. రావుగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసి, కలకత్తా వెళ్ళి గణాంక శాస్త్రం చదివారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి అందుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు.

అమ్మ తీసిన కలుపు ఖర్చులోకి వస్తుందా?

పంటకు కనీస మద్దతు ధర ఎంత ఉండాలో కేంద్ర ప్రభుత్వానికి సలహా చెప్పే సంస్థ వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్. 1965లో ఇది వేరే పేరుతో మొదలైంది. ధర చెప్పాలంటే ముందు ఖర్చు తెలియాలి. ఖర్చు అంటే ఏమిటి?

విత్తనాలకు, ఎరువులకు, కూలీలకు, డీజిలుకు రైతు నిజంగా చెల్లించినది ఒక రకం లెక్క. దాన్ని ఏ2 అంటారు. మరి అమ్మ, అన్నయ్య పొలంలో కలుపు తీశారు; వారికెవరూ కూలి ఇవ్వలేదు. ఆ శ్రమకు విలువ కట్టి కలిపితే ఖర్చు పెరుగుతుంది. సొంత భూమికి కౌలు, సొంత డబ్బుకు వడ్డీ కూడా లెక్కగట్టి కలిపితే ఇంకా పెరుగుతుంది. దాన్ని సి2 అంటారు.

2024-25 ఖరీఫ్ కాలానికి సాధారణ రకం వడ్లకు ఏ2, కుటుంబ శ్రమ కలిపి క్వింటాలు ఖర్చు 1533 రూపాయలని లెక్క తేలింది. ప్రకటించిన మద్దతు ధర 2300. ఒకటిన్నర రెట్లు వేసి చూడండి, సరిపోతుంది. సి2 మీద ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని రైతు సంఘాలు కోరుతున్నాయి. ఏ లెక్క తీసుకోవాలన్నది ప్రభుత్వమూ ప్రజలూ తేల్చుకోవలసిన సంగతి. కాని రెండు లెక్కలూ నిజాయితీగా ఉండాలంటే రైతు ఇంటికి పదే పదే వెళ్ళి, ఏ రోజు ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసుకునే మనిషి కావాలి. ఆ రాతలోనే తప్పుంటే పైన చేసే వాదమంతా గాలిలో మేడే.

పల్లెలే ప్రయోగశాలలు

రసాయన శాస్త్రం గదిలో మీరు రెండు పరీక్షనాళికలు తీసుకుంటారు. ఒకదానిలో పదార్థం కలుపుతారు, రెండోదాన్ని అలాగే ఉంచుతారు. తేడా చూస్తారు. మనుషుల విషయంలో ఇలా చేయవచ్చునా?

రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు చేశారు. అక్కడ చిన్నపిల్లలకు పూర్తిగా టీకాలు వేయించేవారు చాలా తక్కువ. 134 పల్లెలను చీట్లు వేసినట్టుగా మూడు వర్గాలు చేశారు. ఒక వర్గంలో ఎప్పటిలాగే వదిలేశారు. రెండో వర్గంలో నెలనెలా తప్పకుండా టీకా శిబిరం పెట్టారు. మూడో వర్గంలో శిబిరంతోపాటు, టీకా వేయించిన ప్రతిసారీ ఒక కిలో పప్పు, అన్నీ పూర్తయితే భోజనం పళ్ళాలు ఇచ్చారు. ఫలితాలు 2010లో ప్రచురించారు. పూర్తి టీకాలు పడ్డ పిల్లలు మొదటి వర్గంలో 6 శాతం, రెండోదానిలో 18 శాతం, మూడోదానిలో 39 శాతం.

ఇంకో విచిత్రం చూడండి. పప్పు ఖర్చు కలిపినా, ఒక్కొక్క బిడ్డకు టీకాలు పూర్తిచేయడానికి అయిన ఖర్చు మూడో వర్గంలోనే తక్కువ. రెండోదానితో పోలిస్తే సుమారు సగం. ఎందుకో చెప్పగలరా? పదిమంది వచ్చినా యాభైమంది వచ్చినా నర్సు జీతం ఒక్కటే! ఇలాంటి ప్రయోగాలకే బెనర్జీ, డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు 2019లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది.

ఇటువంటి పని మన దగ్గర ఇంకా ముందే జరిగింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో గ్రామాధ్యయనాలు మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు, మహారాష్ట్రలోని మరో నాలుగు పల్లెలు ఎంపికయ్యాయి. ఒక్కొక్క పల్లెలో 40 కుటుంబాలు. పరిశోధకులు ఊళ్ళోనే కాపురం ఉండి ఆ కుటుంబాల ఆదాయం, ఖర్చు, పంట, అప్పు వివరాలు రాసుకునేవారు.

పేద రైతులు భయస్థులు కాబట్టి కొత్త ఎరువులు, కొత్త విత్తనాలు వాడరని ఆ రోజుల్లో కొందరు అనేవారు. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే అర్థశాస్త్రజ్ఞుడు ఈ మాటను పరీక్షకు పెట్టాడు. ఆ పల్లెల్లో 240 కుటుంబాలవారితో బొమ్మా బొరుసూ ఆట ఆడించాడు. డబ్బు నిజమైనదే, గరిష్ఠ బహుమతి కూలిమనిషి నెల సంపాదనకు మించి ఉండేది. బహుమతి పెద్దదైనప్పుడు దాదాపు అందరూ ఒకేలా, మధ్యస్థమైన జాగ్రత్త చూపారు. ఉన్నవాడికీ లేనివాడికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1980లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. పేదవాడు ఎరువు కొనలేకపోతే లోపం అతని గుండెలో వెతకకూడదు. అతనికి అప్పు పుడుతున్నదా లేదా అన్నది చూడాలి. ఒక కొలత ఎంతమంది మీద పడ్డ నిందను తుడిచిపెట్టిందో చూశారా?

ఇక ఉద్యోగాలు

పై పనులన్నీ చేసేది ఎవరు? అర్థశాస్త్రం, గణాంక శాస్త్రం చదివినవారు. చదువు మెట్టును బట్టి అవకాశాలు ఇలా ఉంటాయి.

డిగ్రీతో: బ్యాంకులు, బీమా సంస్థలు, రాష్ట్ర గ్రూపు పరీక్షలు, సివిల్ సర్వీసులు - వీటికి ఏ డిగ్రీ అయినా చాలు. కాని ఆర్థిక వ్యవస్థ మీద ప్రశ్నలు తప్పకుండా ఉంటాయి కాబట్టి అర్థశాస్త్రం చదివినవారికి కొంత ముందడుగు ఉంటుంది. కేంద్రంలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసరు ఉద్యోగాలున్నాయి. రాష్ట్రాల అర్థ గణాంక శాఖల్లో మండల స్థాయి నుంచి ఉద్యోగులుంటారు. బి.ఇడి. చేస్తే పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పవచ్చు. పత్రికల వాణిజ్య పుటలకు, మార్కెట్ సర్వే సంస్థలకు కూడా వీరు అవసరం.

ఎం.ఏ.తో: ప్రభుత్వానికి ఆర్థిక సలహాలిచ్చే ఇండియన్ ఎకనామిక్ సర్వీసు 1961లో ఏర్పడింది. దానికి యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష పెడుతుంది. పోస్టులు కొద్ది, పోటీ ఎక్కువ. రిజర్వు బ్యాంకు తన ఆర్థిక పరిశోధన విభాగానికి వేరే పరీక్ష పెట్టి అధికారులను తీసుకుంటుంది. 1982లో ఏర్పడిన నాబార్డు పని వ్యవసాయ రుణాలతో. జూనియర్ కాలేజీలో అధ్యాపకులు కావచ్చు. డిగ్రీ కాలేజీకైతే నెట్ గాని, సెట్ గాని ప్యాసవ్వాలి. హైదరాబాదులో 1980లో నెలకొన్న ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం వంటి సంస్థల్లో పరిశోధన చేయవచ్చు.

లెక్కలంటే బాగా ఇష్టమున్నవారికి మరో దారి ఉంది - యాక్చువరీ. ఏ వయసువారు ఎంతమంది ఏటా మరణిస్తారో, ఎన్ని ప్రమాదాలు జరుగుతాయో సంభావ్యతా సూత్రాలతో అంచనా కట్టి, బీమా ప్రీమియం ఎంత ఉండాలో చెప్పేవారు వీరు. వరుసగా చాలా పరీక్షలు ప్యాసవ్వాలి. ఓపిక కావాలి.

ఒక్క మాట దాచకుండా చెబుతాను. బి.ఏ. పట్టా చేతికి రాగానే ఎవరూ పిలిచి అర్థశాస్త్రజ్ఞుడని కుర్చీ వేయరు. అసలైన అర్థశాస్త్రపు ఉద్యోగాలు ఎక్కువగా ఎం.ఏ. తర్వాతే. దాని పైన కంప్యూటరు మీద అంకెలను విశ్లేషించడం, తేట తెలుగులోను ఇంగ్లీషులోను నివేదిక రాయడం వచ్చి ఉండాలి.

లెక్కలు వదలకండి

పదో తరగతి ప్యాసయ్యాక చాలా ఇళ్ళలో జరిగేదేమిటి? లెక్కల్లో మార్కులు బాగా వస్తే ఎం.పి.సి., రాకపోతే సి.ఈ.సి. గాని, హెచ్.ఈ.సి. గాని. "లెక్కలు రాని పిల్లకు ఎకనామిక్సే నయం" అని పెద్దలు తీర్మానిస్తారు. ఈ తీర్మానంలోనే చిక్కుంది.

పైన చెప్పిన నాలుగు పనులూ మళ్ళీ చదవండి. సూచీలో భారాలు, కోతలో యాదృచ్ఛిక సంఖ్యలు, ఖర్చులో నిష్పత్తులు, ప్రయోగంలో శాతాలు. లెక్కలు లేనిది ఏది? జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసరు ఉద్యోగానికి అర్హత ఏమిటో తెలుసా? ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు గాని, ఇంటరులో గణితంలో 60 శాతం మార్కులైనా ఉండాలి, లేదా డిగ్రీలో గణాంక శాస్త్రం ఒక పాఠ్యాంశంగానైనా చదివి ఉండాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్సులో చేరాలన్నా గణితం తప్పనిసరి. పదహారో ఏట గణితం వదిలేసినవారికి ఈ తలుపులు మూసుకుపోతాయి. ఆ సంగతి ఇరవై రెండో ఏట, దరఖాస్తు నింపేటప్పుడు తెలుస్తుంది.

అటు నుంచి ఇటు రావడం మాత్రం తేలిక. ఈ శాస్త్రంలో మొదటి నోబెల్ బహుమతిని 1969లో పంచుకున్న యాన్ టిన్‌బెర్గెన్ భౌతిక శాస్త్ర విద్యార్థి. 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న దువ్వూరి సుబ్బారావుగారు ఐ.ఐ.టి.లో భౌతిక శాస్త్రం చదివి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఆయనకు ముందు ఆ పదవిలో ఉన్న వై.వి. రెడ్డిగారు కూడా తెలుగువారే. ఆయన చదువే అర్థశాస్త్రం.

అర్థశాస్త్రం మీద ఇష్టం ఉంటే గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యం కలిసిన ఎం.ఈ.సి. మంచి దారి. మీ ఊరి కాలేజీలో ఆ గ్రూపు లేకపోతే? ఎం.పి.సి. చదివి డిగ్రీలో అర్థశాస్త్రం తీసుకోవచ్చు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటరు తర్వాత నేరుగా చేరే ఐదేళ్ళ ఎం.ఏ. ఉంది. ఇప్పటికే సి.ఈ.సి. లో చేరినవారు దిగులు పడవద్దు. డిగ్రీలో గణాంక శాస్త్రం చదివే వీలున్న కాలేజీ కోసం వెతకండి. బ్యాంకులు, గ్రూపు పరీక్షలు, ఉపాధ్యాయ వృత్తి ఎలాగూ ఉన్నాయి.

మీరు చేసి చూడండి

ఈ పని మీకు నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి ఇంటరు దాకా ఆగనక్కరలేదు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఇంట్లో నెలకు ఎక్కువగా వాడే పది సరుకులు, వాటి పరిమాణాలు అమ్మను అడిగి మొదటి పేజీలో రాయండి. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే దుకాణంలో వాటి ధరలు అడిగి రాయండి. ఆరు నెలలు చేయండి. మొదటి నెల ఖర్చును 100 అనుకుని తక్కిన నెలల సూచీ కట్టి, గ్రాఫు గీయండి. తర్వాత మీ తరగతిలో మరో ఇంటివారి సూచీతో పోల్చండి. రెండూ కలవకపోతే కంగారు పడకండి. ఎందుకు కలవలేదో వెతకండి.

ఆ వెతుకులాటలో మీకు సరదా పుట్టిందంటే "అది చదివి ఏం చేస్తావు?" అని అడిగేవారికి ఆ నోటుపుస్తకం చూపించండి.